తట్టి చూసి ముందుకు నడవండి

ప్రశ్న: నేను రైల్వేలో కీమ్యాన్‌గా 37 ఏళ్ళు పనిచేసి 2022లో పదవీ విరమణ చేశాను. పట్టాల వెంట నడుస్తూ, వాటిని బిగించి పట్టే ఇనుప కీలు వదులయ్యాయేమో చూసుకోవడం నా పని. నా బీటు, అంటే రోజూ నడిచి చూసుకోవలసిన దూరం, 6 కిలోమీటర్లు. ఉద్యోగం మానిన నాటి నుంచి తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వస్తోంది. ఎక్కడో ఒక కీ ఊడిపోయిందనీ, నేను చూడకుండా వచ్చేశాననీ కల. లేచేసరికి గుండె దడదడలాడుతూ ఉంటుంది. మా అబ్బాయి ధ్యానం నేర్పే యాప్ ఒకటి ఫోనులో పెట్టి ఇచ్చాడు గానీ, కళ్ళు మూసుకుంటే బండి వస్తున్నట్టే అనిపించి పది నిమిషాలైనా కూర్చోలేకపోతున్నాను. తోటపనితో మనసు కుదుటపడుతుందని స్నేహితుడు చెబితే డాబా మీద 32 కుండీలు పెట్టాను. పొద్దున 5 గంటలకూ సాయంత్రం 4 గంటలకూ తప్పకుండా అన్నిటికీ నీళ్ళు పోస్తున్నాను. అయినా వంగ, టమాటా మొక్కలు వాడిపోయి చచ్చిపోతున్నాయి. బీర పిందెలు పసుపుబారి రాలిపోతున్నాయి. నీళ్ళు పోసి పోసి చంపుతున్నారని మా ఆవిడ అంటోంది. జీవితమంతా జాగ్రత్తగా పనిచేసినవాణ్ణి, నాలుగు మొక్కలను బతికించుకోలేకపోతున్నాను. ఎరుకతో ఉండడం నావల్ల కాని పనా?
— ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం:

అయ్యా, నమస్కారం.

మీరు చివర అడిగిన ప్రశ్నకే ముందుగా బదులు చెప్పాలనుకుంటున్నాను. ఎరుకతో ఉండడం మీవల్ల కాకపోవడమేమిటి? ఎండనక, వాననక, 37 ఏళ్ళపాటు మీరు చేసిన ఉద్యోగమే అది. ఫోనులోని గొంతు మీకు నేర్పబోతున్నది మీకు వచ్చిన విద్యే. మీరు దాన్ని నడుస్తూ నేర్చుకున్నారు, ఆ గొంతేమో కూర్చుని నేర్చుకోమంటోంది, అంతే తేడా.

ఈ మాట నేను మర్యాదకు అనడం లేదు. మా నాన్నగారు రైల్వే గ్యాంగులో చేరి, ఆఖరి ఎనిమిదేళ్ళు కీమ్యాన్‌గా పనిచేశారు. బడి సెలవుల్లో మధ్యాహ్నం పూట నేను క్యారేజీ పట్టుకుని లెవెల్ క్రాసింగు గేటు దగ్గర నిలబడేదాన్ని. భుజాన సుత్తి, చంకలో చుట్టిన జెండాలు, వంచిన తల, అలా ఆయన పట్టాల వెంట రావడం దూరం నుంచే కనిపించేది. రెండడుగులు వేయడం, వంగి కీ మీద ఒక దెబ్బ వేయడం, ఆ చప్పుడు విని మళ్ళీ కదలడం. బిగువుగా ఉన్న కీ ఖంగుమనేది. వదులైన కీ మీద పడిన దెబ్బ మొద్దుగా, కట్టె మీద పడినట్టు వినిపించేది. అప్పుడాయన ఆగి, రెండు దెబ్బలు ఎక్కువ వేసి, ఇంకోసారి తట్టి విని గానీ కదిలేవారు కాదు. నేను గేటు దగ్గర నుంచి "నాన్నా" అని కేక వేసినా తలెత్తేవారు కాదు. బీటు ముగిసి, సుత్తి కింద పెట్టి, చేతులు కడుక్కున్నాకే "ఇప్పుడు చెప్పు తల్లీ" అనేవారు. ఆ రోజుల్లో నాకు అది కోపంగా తోచేది. పెద్దయ్యాక అర్థమైంది, అంతటి ఏకాగ్రతను నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

పట్టాల కింద అడ్డంగా వేసే ఇనుప స్లీపర్లు, కీలు పోయి కాంక్రీటు స్లీపర్లు, క్లిప్పులు వచ్చిన తర్వాతి లెక్కే చూడండి. చాలా ప్రధాన మార్గాల్లో కిలోమీటరుకు 1660 స్లీపర్లు ఉంటాయి, ఒక్కో స్లీపరుకు 4 క్లిప్పులు. అంటే మీ 6 కిలోమీటర్ల బీటులో, ఒక్క లైనునే లెక్కవేసుకున్నా, 40 వేలకు దగ్గరగా క్లిప్పులు. ఒక పట్టా వెంట వెళ్ళి రెండో పట్టా వెంట తిరిగి వచ్చేలోగా వాటన్నిటి మీదుగా మీ చూపు నడిచేది. చలికాలం తెల్లవారుజామున ఉక్కు కుంచించుకుపోయి పట్టా ఎక్కడ చిట్లుతుందో, మే నెల మధ్యాహ్నం ఎండకు సాగి ఎక్కడ పక్కకు వంగుతుందో అని రుతువును బట్టి మీ చూపు మారేది కూడా.

ఎరుక అనే సాధనకు బౌద్ధంలో పెద్ద సంప్రదాయం ఉంది. అందులోనూ కళ్ళు మూసుకుని కూర్చోవడమొక్కటే మార్గమని చెప్పలేదు. నడిచేటప్పుడు నడుస్తున్నానని, నిలబడినప్పుడు నిలబడ్డానని, కూర్చున్నప్పుడూ పడుకున్నప్పుడూ కూడా ఆ స్థితిని ఎరిగి ఉండాలని పాళీ సుత్తాలు, అంటే పాళీ భాషలోని బుద్ధుని బోధలు, నాలుగు భంగిమలనూ సమానంగా చెబుతాయి. మీకు దగ్గరలోనే, విశాఖ తీరాన తొట్లకొండ మీద పాత బౌద్ధ విహారం శిథిలాలున్నాయి. వాన నీళ్ళు నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఆ కొండకు ఆ పేరు వచ్చింది. విహారాల్లో నీళ్ళు పట్టి పెట్టడం, వాకిలి ఊడవడం భిక్షువుల నిత్యకృత్యాల్లో భాగంగా ఉండేవి. వీలు చూసుకుని ఒకసారి మీ ఆవిడతో వెళ్ళి రండి. ఆ గట్ల మీద నడిచినవారికీ మీకూ పోలిక ఉందని నేను నిజంగానే నమ్ముతున్నాను.

మరి ఇంత సాధన ఉన్న మనిషికి మనశ్శాంతి ఎందుకు లేదు? నాకు తోచిన కారణం చెబుతాను. మీ ఎరుకతో పాటు భయం కూడా జతగా పెరిగింది. పట్టాల మీద ఒక పొరపాటు కంటపడకపోతే దాని ఫలితం రాబోయే బండిలోని మనుషుల మీద పడుతుంది. కాబట్టి ఆ భయం ఉండవలసిందే, అదే మిమ్మల్ని మంచి కీమ్యాన్‌ను చేసింది. అయితే ఉద్యోగం 2022లో ముగిసింది, భయానికి మాత్రం రిటైర్మెంటు కాగితం ఎవరూ ఇవ్వలేదు. అది ఇప్పటికీ ప్రతి రాత్రి 3 గంటలకు డ్యూటీకి లేస్తోంది.

దీన్ని నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. నేను 26 ఏళ్ళు ఒక పత్రికా కార్యాలయంలో ప్రూఫులు దిద్దాను. ఒక రాత్రి సంతాప ప్రకటనలో మరణించిన వ్యక్తి పేరులో ఒక అక్షరం తప్పుపడింది, నేను చూడలేదు. మర్నాడు ఆయన కుమారుడు కార్యాలయానికి వచ్చి, ఏమీ అనకుండా ఆ పేపరు నా బల్ల మీద పెట్టి, ఆ అక్షరం మీద వేలు ఉంచాడు. ఆ వేలు నాకు చాలా ఏళ్ళు కలలో కనిపించింది. అచ్చయిన అక్షరాన్ని వెనక్కి తీసుకోలేం. పట్టాల పనీ, అచ్చు పనీ రెండూ మనిషికి రెండో అవకాశం ఇవ్వని పనులు. ఆ పనుల్లో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకు చేయి ఖాళీగా ఉంటేనే తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది. మీరు రోజుకు రెండుసార్లు 32 కుండీలకూ నీళ్ళు పోయడంలో నాకు కనిపించింది అదే. పోయకుండా ఒక కుండీని దాటిపోవడానికి మీకు ధైర్యం చాలడం లేదు.

మీ ఆవిడ చెప్పింది నూటికి నూరు పాళ్ళూ నిజం. వేళ్ళకు నీళ్ళు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. ఆ సందులన్నీ ఎప్పుడూ నీటితోనే నిండి ఉంటే వేళ్ళకు ఊపిరాడక కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేరు నీటిని పైకి పంపలేదు, అందువల్ల కింద మట్టి బురదగా ఉన్నా పైన ఆకు దాహమేసినట్టే వాలిపోతుంది. అది చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. మీ వంగ, టమాటా మొక్కలు ఇలాగే పోయాయని నా అనుమానం. చచ్చిన మొక్కను పెరికి వేరు చూడండి. గోధుమరంగుకు తిరిగి, వేళ్ళ మధ్య నలిపితే పై తొక్క జారి వచ్చేస్తూ ఉంటే సందేహం అక్కర్లేదు. కుండీ అడుగు రంధ్రం మట్టితో పూడుకుపోయిందేమో కూడా చూడండి. దాని మీద ఒక పగిలిన పెంకు బోర్లించి, ఎర్రమట్టిలో బాగా మాగిన గత్తం, కొంత కొబ్బరిపొట్టు కలిపి గుల్లగా నింపుకోండి.

మరి నీళ్ళు ఎప్పుడు పోయాలి? ఇక్కడ మీ పాత విద్య మీకు అక్షరాలా పనికివస్తుంది. మట్టి కుండీలతో తోటపని చేసిన పాతకాలపు తోటమాలులు చిన్న కొయ్య సుత్తితో కుండీ పక్కన తట్టి వినేవారు. లోపల మట్టి ఎండి ఉంటే కుండీ ఖంగుమంటుంది, తడి ఉంటే మొద్దుగా పలుకుతుంది. ఇది చదివిన రోజు నాకు మా నాన్నగారు గుర్తొచ్చి, డాబా ఎక్కి వరసగా తట్టుకుంటూ వెళ్ళాను. నిజమే. పక్కపక్కనే ఉన్న రెండు కుండీల్లో తులసి ఉన్నది గంటలా మోగింది, కరివేపాకు ఉన్నది మూసిన తలుపులా పలికింది. మీకు ఒక్కటే చిక్కు: పట్టాల మీద ఖంగుమంటే ముందుకు వెళ్ళేవారు, ఇక్కడ ఖంగుమంటే ఆగి నీళ్ళు పోయాలి, మొద్దుగా పలికితే ముందుకు సాగాలి. చెవికి అలవాటు తిరగబడడానికి ఒక వారం పడుతుంది. ఆ వారంలో ప్రతి కుండీ దగ్గరా మీరు ఒక్క క్షణం ఆగి ఆలోచించక తప్పదు, నాకు కావలసింది కూడా ఆ క్షణమే. ప్లాస్టిక్ కుండీలకూ గ్రోబ్యాగులకూ ఈ పద్ధతి పనికిరాదు. వాటిలో చూపుడు వేలు రెండు కణుపుల లోతు దించి, తడి తగిలితే వదిలేయండి.

మీ బీటును మరోసారి తలచుకోండి. 40 వేల క్లిప్పుల్లో మీరు రోజుకు ఎన్నిటిని సరిచేసేవారు? మిగతావాటినన్నిటినీ చూసి, బాగుందని ఎరిగి, చేయి పెట్టకుండా దాటిపోయేవారు. అలా దాటిపోవడాన్ని మీరెన్నడూ నిర్లక్ష్యమనుకోలేదు. మీ మేస్త్రీ కూడా అనుకోలేదు. డాబా మీద కూడా మీ డ్యూటీలో ఎక్కువ భాగం అదే: చూడడం, తట్టడం, దాటిపోవడం.

బీర సంగతి వేరు, దానికి నీళ్ళతో సంబంధం తక్కువ. మీరు డాబా మీద ఉండే రెండు వేళలూ బీరపువ్వు వేళలు కావు. బీరపువ్వు సాయంత్రం, పొద్దు వాలుతుండగా విచ్చుకుంటుంది. మీరు 4 గంటలకు వచ్చి దిగిపోయాక అది విచ్చుకుంటోంది, తెల్లవారి 5 గంటలకు మీరు వచ్చేసరికి దాని పని దాదాపు అయిపోతోంది. మేడల మీద పురుగూ పుట్రా తక్కువ కాబట్టి మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వుకు చేరక, పిందె పసుపుబారి రాలిపోతోంది. కాబట్టి ఐదున్నర, ఆరు మధ్య ఒక ముక్కాలిపీట వేసుకుని తీగ పక్కన కూర్చోండి. మొగ్గ కొస ముందు కాస్త వదులవుతుంది, తర్వాత ముడతలు పడిన పసుపు రేకులు ఒక్కొక్కటిగా విడివడతాయి. పువ్వు కింద సన్నటి గీతల పిందె ఉంటే అది ఆడది, ఉత్త కాడ ఉంటే మగది. మగపువ్వును తుంచి, రేకులు వెనక్కి మడిచి, దాని నడిమి భాగాన్ని ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా తాకించండి. వేలికి పసుపు అంటుతుంది. నాలుగైదు రోజులు గడిచినా పిందె ఆకుపచ్చగానే ఉండి కాస్త లావెక్కితే, అది నిలబడినట్టే.

రైలు బండి వేళకు రాకపోయినా మీరు వేళకు ఉండేవారు. పువ్వు మాత్రం వేళ తప్పదు. ధ్యానానికి కళ్ళు మూసుకుని కూర్చోలేకపోయిన మీరు, అది విచ్చుకునే అరగంటా కళ్ళు తెరుచుకుని కూర్చోగలరని నా నమ్మకం.

ఇంకొక్క పాత అలవాటును కూడా తిరిగి తెచ్చుకోమంటాను. ఒక పట్టా వెంట వెళ్ళి రెండో పట్టా వెంట తిరిగి వచ్చేవారు కదా. కుండీల వరస చుట్టూ కూడా అలాగే ఒక పక్కన వెళ్ళి మరో పక్కన తిరిగి రండి. వెళ్ళేటప్పుడు ఆకుల పైభాగం, వచ్చేటప్పుడు వంగి ఆకుల అడుగుభాగం చూడండి. తెల్లదోమ, పేనుబంక, పిండినల్లి చేరేది ఎక్కువగా అక్కడే. మొదటి రోజుల్లోనే కనిపిస్తే వేలితో తుడిచేస్తే సరిపోతుంది, ముదిరితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లాలి.

ఒక సంగతి చెప్పి ముందుకు వెళతాను. మా నిమ్మమొక్క మీద ఒకసారి పిట్టరెట్టలాంటి మచ్చ కనిపించింది. దులపబోతే అది కదిలింది. నిమ్మాకులు తిని సీతాకోకచిలుకగా మారే పురుగు అది. తీసి పారేయాలా, ఉంచాలా? అరగంటసేపు అక్కడే నిలబడి ఉన్నాను. ఏ నిర్ణయమూ తీసుకోకుండా ఒక లోపం ఎదుట అంతసేపు నిలబడడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆలస్యమవుతోందని తొందరపెట్టేవాళ్ళు లేరు, అచ్చుకు వెళ్ళవలసిన పేజీ లేదు. చివరికి ఉంచాను. ఒక కొమ్మ బోడిగా మిగిలింది, రెండు నెలల్లో మళ్ళీ చిగురించింది.

ఇప్పుడు ఆ 3 గంటల కల. జపానులో షోమా మొరితా అనే మానసిక వైద్యుడు ఉండేవారు. 1874లో పుట్టి 1938లో మరణించారు. ఆందోళనతో బాధపడేవారికి ఆయన ఒక చికిత్సా పద్ధతిని రూపొందించారు. మొదట కొన్నాళ్ళు పూర్తి విశ్రాంతి, ఆ తర్వాత తేలికపాటి పనులు, ఆపైన తోటపని వంటి బరువైన పనులు, చివరికి మామూలు జీవితం. భయాన్ని తరిమేయమని ఆయన రోగులకు చెప్పలేదు. భయం ఉన్నా ఉండనిచ్చి, ఎదుట ఉన్న పని చేస్తూ పొమ్మన్నారు. మీకు నేను చెప్పేది కూడా ఆ దారిలోనిదే. మెలకువ వచ్చినప్పుడు కల రాకూడదని పోరాడకండి, చీకట్లో డాబా ఎక్కకండి. దీపం వేసుకుని ఒక నోటుబుక్కులో కుండీ నంబరు వేసి, నిన్న ఏం చూశారో, ఏం చేయకుండా వదిలేశారో రాయండి. "7వ నంబరు, తడి ఉంది, పోయలేదు" అంతే. మీ చేతికి రిపోర్టు ఇచ్చే అలవాటు ఉంది, ఆ అలవాటుకు ఒక చోటు దొరుకుతుంది.

అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. ఆఫీసర్లు బదిలీ అయితే చార్జి అప్పగించి, కాగితాల మీద సంతకాలు పెడతారు. కీమ్యాన్ మాత్రం సుత్తీ జెండాలూ అప్పగించి ఇంటికి వచ్చేస్తాడు, అన్నేళ్ళ జాగ్రత్తను ఎవరికి అప్పగించాలో ఎవరూ చెప్పరు. మా నాన్నగారి తర్వాత ఆ బీటుకు వచ్చిన కుర్రవాడు కొన్ని నెలలపాటు ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు. నాన్నగారు "వంతెన అవతలి జాయింటు ఎలా ఉందిరా?" అని అడిగేవారు. "బాగుంది బాబాయ్, నిన్ననే చూశాను" అనేవాడు. మొదట్లో పది ప్రశ్నలు ఉండేవి, తర్వాత మూడయ్యాయి, ఒక ఆదివారం ఆయన బీటు ఊసే ఎత్తకుండా అతని పెళ్ళి సంబంధం గురించి అడిగారు. ఈ రోజు పొద్దున కూడా మీ 6 కిలోమీటర్ల మీద ఎవరో ఒకరు నడిచే ఉంటారు. ఆ మనిషెవరో కనుక్కోండి. పట్టాల దగ్గరకు వెళ్ళకండి, స్టేషను బయట టీకొట్టు దగ్గర కలిసి టీ ఇప్పించి, మీకు అనుమానంగా ఉన్న చోట్లన్నీ చెప్పండి, అతను చెప్పేది వినండి. బీర పిందెలు నిలబడ్డాక రెండు కాయలు పట్టుకెళ్ళినా బాగుంటుంది.

వీటన్నిటితో పాటు ఒకసారి డాక్టరును కలవండి. గుండె దడ ఇన్నేళ్ళుగా ఉందంటే బీపీ, షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం అవసరం, అది మనసు వల్లనే అని మీకు మీరే నిర్ణయించుకోకూడదు. రాత్రిపూట మరీ దిగులుగా ఉంటే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ అది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చచ్చిన వంగ, టమాటాల గురించి దిగులు వద్దు. ఆ కుండీలను నాలుగు రోజులు ఎండలో ఆరబెట్టి, మట్టి మార్చి, ముందు తోటకూర చల్లండి. నెల తిరగకుండానే కోతకు వస్తుంది. మీ డాబా మీద గుండుమల్లె ఉంటే, నవంబరు ఆఖరున దానికి నీళ్ళు తగ్గించి, ఆకు దూసి కత్తిరించే పని ఉంటుంది. దాని గురించి అప్పుడు మళ్ళీ ఉత్తరం రాయండి, వివరంగా చెబుతాను. ప్రస్తుతానికి మట్టి కుండీలు తట్టడానికి ఇనుప సుత్తి మాత్రం వాడకండి, పగిలిపోతాయి. ఇంట్లో పాత పప్పుగుత్తి ఉంటే మీ ఆవిడను అడిగి తీసుకోండి. నేను వాడుతున్నది అదే.